ల్యాబ్ ఉద్యోగానికి బయోడేటా పంపే ముందు మ్యాపు చూడండి

జడ్చర్ల దగ్గర పోలేపల్లి సెజ్‌లో ఒక మందుల కంపెనీలో క్యూసీ (నాణ్యత పరీక్షల విభాగం)లో మైక్రోబయాలజీ సెక్షన్ చూస్తుంటాను. అంతకుముందు పరవాడలో చేశాను, దానికంటే ముందు భీమవరంలో ఆక్వా ల్యాబ్‌లో. సొంతూరు వీరవాసరం. మా సెక్షన్‌లో ఖాళీ పడితే వచ్చే బయోడేటాలు ముందు నా టేబుల్ మీదకే వస్తాయి. వాటిలో ముప్పాతిక వంతు ఒక్కలాగే ఉంటాయి. పైన ‘ఆబ్జెక్టివ్’ అని నాలుగు లైన్ల ఇంగ్లిషు, కింద మార్కులు, చివర ‘పీసీఆర్, ఎలీసా, గ్రామ్ స్టెయినింగ్ తెలుసు’ అని ఒక ముక్క. శ్రీకాకుళం పిల్లాడు రాసినా నల్గొండ అమ్మాయి రాసినా అదే కాగితం. అదే కాగితం భీమవరం ల్యాబుకీ, శామీర్‌పేట వ్యాక్సిన్ కంపెనీకీ, మాకూ వెళ్తుంది. ఎక్కడి నుంచీ ఫోన్ రాకపోతే ‘మైక్రోబయాలజీకి స్కోప్ లేదు’ అనేస్తారు.

స్కోప్ ఉంది, కాకపోతే ఊరిని బట్టి ఉంది. ఏ ప్రాంతంలో ల్యాబుకి ఏ శాంపిల్ వస్తుందో దాన్ని బట్టే పనీ, జీతమూ, మీరు ముందే నేర్చుకుని ఉండాల్సిందీ మారిపోతాయి. అందుకే రెండు తెలుగు రాష్ట్రాల్లో ఎక్కడ ఏముందో, దానికి ఎలా తయారవ్వాలో నాకు తెలిసినంతవరకు రాస్తున్నాను. ఎక్కువగా బీఎస్సీ, ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ, బయోటెక్, బయోకెమిస్ట్రీ వాళ్ల కోసం.

ముందు మీ సర్టిఫికెట్ ఏదో చూసుకోండి

డీఎంఎల్టీ, బీఎస్సీ ఎంఎల్టీ (మెడికల్ ల్యాబ్ టెక్నాలజీ) చదివినవాళ్ల దారి వేరు. ఆస్పత్రులు, డయాగ్నొస్టిక్ సెంటర్లు, జిల్లాల్లో ఉన్న తెలంగాణ డయాగ్నొస్టిక్స్ హబ్బులు, సర్కారీ పోస్టులు వాళ్లవి. 2024లో తెలంగాణ వైద్య రిక్రూట్‌మెంట్ బోర్డు 1,284 ల్యాబ్ టెక్నీషియన్ గ్రేడ్-2 పోస్టులకు నోటిఫికేషన్ ఇచ్చింది. ఇలాంటివి వచ్చినప్పుడు అర్హతల జాబితా లైను లైనూ చదవండి. పారామెడికల్ బోర్డు రిజిస్ట్రేషన్ అడుగుతారు. అది చేయించుకోవడానికి పట్టే టైముకి అప్లికేషన్ గడువు దాటిపోయి ఏడ్చినవాళ్లు ఉన్నారు, కాబట్టి కోర్సు అయిన వెంటనే ఆ పని ముగించేయండి. గల్ఫ్ వెళ్దామనుకున్నా ఈ సర్టిఫికెట్టే అక్కరకొస్తుంది. అక్కడి ఆస్పత్రి ల్యాబులకు డేటాఫ్లో వెరిఫికేషన్ (సర్టిఫికెట్ల తనిఖీ), పరీక్ష ఉంటాయి. ఉత్త మైక్రోబయాలజీ డిగ్రీతో ఆ వైపు తిరగడం దండగ.

మిగతావాళ్లకు అసలు మార్కెట్ ఫ్యాక్టరీల్లో ఉంది.

హైదరాబాద్ చుట్టుపక్కల

ఇక్కడ ‘ఫార్మా’ అనే ఒక్క మాట పట్టుకుని తిరగొద్దు. యూనిట్‌లో ఏం తయారవుతుందో కనుక్కోండి. బల్క్ డ్రగ్ (మందులో పనిచేసే అసలు రసాయనం) అయితే అది కెమిస్ట్రీ వాళ్ల రాజ్యం. జీడిమెట్ల, బొల్లారం వైపు ఇలాంటివి చాలా. మైక్రో వాళ్లు నీళ్ల శాంపిళ్లు చూడటానికి ఇద్దరు ముగ్గురు ఉంటే గొప్ప. టాబ్లెట్ల యూనిట్ అయితే కాస్త మెరుగు. నీళ్లు, మైక్రోబియల్ లిమిట్ టెస్ట్, ఎన్విరాన్‌మెంట్ మానిటరింగ్ కలిపి ఒక చిన్న టీమ్‌కి సరిపడా పని ఉంటుంది. మా జడ్చర్ల వైపు ఎక్కువ ఇదే. ఇక ఇంజెక్షన్ల యూనిట్ అయితే మన పంట పండినట్టే. పాశమైలారం, దుండిగల్ వైపు గ్లాండ్, యూజియా లాంటివి చూడండి. ఫిల్లింగ్ నడుస్తున్నంతసేపూ సెటిల్ ప్లేట్లు (గాలిలోంచి పడే సూక్ష్మజీవుల్ని పట్టే ప్లేట్లు) పెడుతూనే ఉండాలి, ఒక్కో ప్లేటును నాలుగు గంటలకు మించి ఉంచకూడదు. గాలి శాంపిల్, గ్లౌజుల శాంపిల్, గౌను శాంపిల్, పద్నాలుగు రోజుల స్టెరిలిటీ టెస్ట్, ఎండోటాక్సిన్ (బ్యాక్టీరియా విషం) టెస్ట్, మీడియా ఫిల్ (మందుకు బదులు సూక్ష్మజీవులు పెరిగే ద్రవం నింపి చూడటం). ఇదంతా మూడు షిఫ్టుల్లోనూ మనుషులు చేయాల్సిన పని. పైగా యూరప్‌కు స్టెరైల్ మందులు పంపేవాళ్లకు 2023 ఆగస్టు నుంచి కొత్త అనెక్స్-1 (స్టెరైల్ మందుల తయారీకి యూరప్ నియమాలు) అమల్లోకి వచ్చాక ప్లేట్ల లెక్క ఇంకా పెరిగింది. ఇక్కడి మార్కెట్‌కే మందులు చేసే చిన్న కంపెనీలకూ సవరించిన షెడ్యూల్-ఎం (మందుల తయారీకి మన దేశ నియమాలు) వచ్చింది. ఇదివరకు బయటి ల్యాబుకి శాంపిళ్లు పంపి చేతులు దులుపుకున్నవాళ్లు కూడా సొంత మైక్రో ల్యాబ్ పెట్టుకోవడం గురించి ఆలోచిస్తున్నారు.

శామీర్‌పేట, తుర్కపల్లి దగ్గర జీనోమ్ వ్యాలీ మీకు తెలిసిందే. 1999లో మొదలైంది. భారత్ బయోటెక్, బయోలాజికల్-ఇ, కరకపట్ల వైపు ఇండియన్ ఇమ్యునలాజికల్స్ అన్నీ ఆ చుట్టుపక్కలే. వ్యాక్సిన్ కంపెనీలో క్యూసీ ఒక్కటే కాదు, ప్రొడక్షన్‌లో కూడా మన చదువుకి చోటుంది. ఫర్మెంటర్ నడిపేది అప్‌స్ట్రీమ్, ప్యూరిఫికేషన్ చేసేది డౌన్‌స్ట్రీమ్. సెల్ కల్చర్ మీద ఆరు నెలలైనా చెయ్యి పెట్టినవాళ్లను వీళ్లు వదులుకోరు. బాచుపల్లిలో డాక్టర్ రెడ్డీస్ బయోలాజిక్స్ లాంటి చోట్లా అదే అడుగుతారు. అయితే కాంట్రాక్టు మీద తీసుకుంటుంటే గడువు చూసుకోండి. కొవిడ్ రోజుల్లో ఆర్టీపీసీఆర్ ల్యాబుల్లో చేరినవాళ్లలో ఎంతోమందికి ఆ వేడి తగ్గాక రెన్యువల్ రాలేదు.

పీహెచ్‌డీ ఆశ ఉన్నవాళ్లు హబ్సిగూడ సీసీఎంబీ, ఉప్పల్ సీడీఎఫ్‌డీ, తార్నాక ఎన్ఐఎన్, పటాన్‌చెరు ఇక్రిశాట్ వెబ్‌సైట్లు వారానికోసారి తెరవండి. ప్రాజెక్ట్ అసిస్టెంట్, ప్రాజెక్ట్ అసోసియేట్ పోస్టులు పడుతుంటాయి. నేర్చుకోవడానికి అంతకంటే మంచి చోటు లేదు. ప్రాజెక్టు డబ్బు అయిపోతే ఉద్యోగమూ అయిపోతుంది, అంతే. నా మాట వినేవాళ్లకు ఒకటే చెబుతాను: రెండేళ్లు దాటి అక్కడే ప్రాజెక్టు మీద ప్రాజెక్టు మారుతూ కూర్చుంటే, ఆ తర్వాత కంపెనీ ఇంటర్వ్యూలో ‘జీఎంపీ (మందుల తయారీ నియమాల కింద పనిచేసిన) అనుభవం లేదు’ అని ఫ్రెషర్ జీతమే ఇస్తారు.

మేడ్చల్, కొంపల్లి వైపు విత్తన కంపెనీల ల్యాబులు ఉన్నాయి. బీటీ పత్తి విత్తనానికి స్ట్రిప్ టెస్ట్, ఎలీసా, హైబ్రిడ్ స్వచ్ఛతకు డీఎన్ఏ మార్కర్లు. ఖరీఫ్‌కి ముందు ఊపిరాడదు, తర్వాత ఖాళీ. సీజన్ మనుషుల్ని ఎక్కువ తీసుకుంటారు. బయోటెక్ చదివి పీసీఆర్ నిజంగా చేతికి వచ్చినవాళ్లకు మొదటి ఉద్యోగంగా బాగుంటుంది.

విశాఖ వైపు

పరవాడ ఫార్మా సిటీ, అచ్యుతాపురం, నక్కపల్లి, ఇంకా పైకి వెళ్తే శ్రీకాకుళం జిల్లా పైడిభీమవరం. పేర్లు చూస్తే ఉద్యోగాల గని అనిపిస్తుంది. నిజమే, కానీ ఎక్కువ భాగం బల్క్ డ్రగ్. అందుకే ఇక్కడ కెమిస్ట్రీ వాళ్లకు పది ఖాళీలు పడితే మనకు ఒకటి పడుతుంది. ఇంజెక్షన్ యూనిట్లు కొన్ని ఉన్నాయి, వాటి పేర్లు విడిగా రాసిపెట్టుకుని వాటికే గురిపెట్టండి. స్టీల్ ప్లాంట్ దగ్గర మెడ్‌టెక్ జోన్‌లో టెస్ట్ కిట్లు, వైద్య పరికరాలు తయారవుతాయి, వాటిని పరీక్షించే ల్యాబులూ ఉన్నాయి. మన పిల్లలు ఆ వైపు చూడటం తక్కువ, అందుకే పోటీ కూడా కాస్త తక్కువ.

ఇంట్లోవాళ్లు భద్రత గురించి అడుగుతారు. అడగాలి కూడా. 2024 ఆగస్టులో అచ్యుతాపురం సెజ్‌లో జరిగిన ప్రమాదంలో 17 మంది పోయారు. 2025 జూన్‌లో పాశమైలారంలో జరిగిన పేలుడులో నలభై మందికి పైగా పోయారు. మైక్రో ల్యాబ్‌లో రియాక్టర్లు ఉండవు, కానీ నీళ్ల శాంపిల్ తేవడానికి ప్రొడక్షన్ బ్లాకులోకి మీరే వెళ్లాలి. చేరిన మొదటి వారం సేఫ్టీ ట్రైనింగ్ సంతకాల వరకేనా, నిజంగా దారులు చూపిస్తారా అన్నది అక్కడ పనిచేసేవాళ్లను అడిగి తెలుసుకోండి.

గోదావరి జిల్లాలు, కాకినాడ నుంచి నెల్లూరు దాకా: రొయ్య

దేశంలో పండే రొయ్యల్లో సగానికి చాలా పైగా ఆంధ్రప్రదేశ్‌వే. 2009 తర్వాత వెనామీ రకం రొయ్య వచ్చాక చెరువు ఉన్న ప్రతి ఊరికీ ఒక ల్యాబ్ అవసరమైంది. భీమవరంలో ఉండి, జువ్వలపాలెం రోడ్ల వైపు తిరిగితే ఎన్ని బోర్డులు కనిపిస్తాయో.

ఆ పని ఎలా ఉంటుందో చెబుతాను. పొద్దున ఏడుకల్లా రైతులు సీసాల్లో చెరువు నీళ్లు, కవరులో నాలుగు రొయ్యలు పట్టుకుని వరసలో ఉంటారు. నీళ్లకు సెలినిటీ, పీహెచ్, ఆల్కలినిటీ, అమ్మోనియా. రొయ్యకు పేగు, లివరు మైక్రోస్కోపు కింద. తర్వాత టీసీబీఎస్ ప్లేట్, అంటే విబ్రియో అనే బ్యాక్టీరియాను పెంచి చూసే ప్లేట్. విబ్రియోలో చక్కెర తినే రకాలు పసుపు రంగు కాలనీలు కడతాయి, తిననివి ఆకుపచ్చగా ఉంటాయి. రైతులకు ఇదంతా కంఠతా వచ్చు. మర్నాడు వస్తూనే “అమ్మాయ్, గ్రీన్లు ఎన్నొచ్చాయో ముందు అది చెప్పు” అంటారు. మా బాబాయి కూడా అంతే, రిపోర్టు కాగితం చూడడు, ప్లేటు ఎత్తి వెలుతురుకి పెట్టి తనే లెక్కపెట్టుకుంటాడు. ఆకుపచ్చవి ఎక్కువైతే ఆ రోజు ఆ ఇంట్లో టెన్షనే.

ఈ ల్యాబుకి వెళ్లేముందు టీసీబీఎస్ గురించి ఒక సంగతి గుర్తుపెట్టుకోండి. దాన్ని ఆటోక్లేవ్‌లో (ఆవిరి ఒత్తిడితో సూక్ష్మజీవుల్ని చంపే పరికరం) పెట్టకూడదు, మరిగించి నేరుగా పోయాలి. కాలేజీలో అన్ని మీడియాలనూ (సూక్ష్మజీవుల్ని పెంచే ఆహారాలను) 121 డిగ్రీలకు తోసేసే అలవాటు ఉన్నవాళ్లు మొదటి రోజే దొరికిపోతారు. హేచరీలో అయితే రొయ్య పిల్లను అమ్మేముందు వైట్ స్పాట్, ఈహెచ్‌పీ అనే రొయ్య జబ్బులకు పీసీఆర్ చేయాలి. రాత్రి రెండింటికి పిల్ల లోడ్ అవుతుంటే రిపోర్ట్ కోసం మీ ముందే లారీ ఆగి ఉంటుంది. పీసీఆర్ మీద చెయ్యి పడిందంటే ఆ తర్వాత సీడ్, డయాగ్నొస్టిక్స్ ఎటైనా మారొచ్చు.

చేదు సంగతి కూడా చెప్పాలి. ఊళ్లలోని చాలా ల్యాబులు మేత, మందుల డీలర్లవి. రైతుకు టెస్ట్ ఉచితం, డబ్బు మందుల్లో. కాబట్టి రిపోర్ట్ రాసే మీతోనే ప్రోబయాటిక్ డబ్బా అమ్మించాలని చూస్తారు. ఇంటర్వ్యూలోనే ‘టార్గెట్ ఉందా’ అని అడిగేయండి. ఉంటే అది సేల్స్ ఉద్యోగం, ఆ లెక్కనే జీతం మాట్లాడుకోండి. నేను చూస్తున్నంతలో ఇక్కడ ఫ్రెషర్‌కి నెలకు పది, పద్నాలుగు వేల మధ్య ఇస్తున్నారు. ఫార్మాలో పదిహేను నుంచి ఇరవై వేలు. వీరవాసరంలో అమ్మ చేతి వంట తింటూ పన్నెండు వేలు సంపాదించడం, హైదరాబాద్‌లో హాస్టల్‌కి ఏడు వేలు కట్టి పద్దెనిమిది వేలు సంపాదించడం, రెండూ చేతిలో మిగిలేదాన్ని బట్టి చూస్తే దాదాపు ఒకటే. తేడా మూడేళ్ల తర్వాత తెలుస్తుంది. ఇంజెక్షన్ యూనిట్‌లో మూడేళ్లు చేసినవాళ్లు ముప్పై వేలు దాటుతున్నారు, డీలర్ ల్యాబులో అంత ఎదుగుదల లేదు.

ఆక్వాలోనే నిలబడాలనుకుంటే ప్రాసెసింగ్ ప్లాంట్లకు వెళ్లండి. భీమవరం, కాకినాడ, ఒంగోలు, నెల్లూరు చుట్టూ ఉన్నాయి. ఎగుమతి సరుకు కాబట్టి సాల్మొనెల్లా, విబ్రియో, చేతుల స్వాబ్‌లు, ఐస్ నీళ్లు, క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ అవశేషాలు అన్నీ చూడాలి. హాసప్ (ఆహార భద్రత పద్ధతి) సర్టిఫికెట్ కోర్సు చేసి ఉంటే బయోడేటా పైకి వస్తుంది. ఒక్కటి మాత్రం మరిచిపోవద్దు, ఈ రంగం ఊపిరి బయటి దేశాల చేతుల్లో ఉంది. 2025లో అమెరికా మన సరుకు మీద సుంకం యాభై శాతానికి పెంచినప్పుడు ఆ సెగ చెరువు గట్టు దాకా వచ్చింది. రేటు పడిపోతే రైతు పిల్ల వేయడు. పిల్ల వేయకపోతే ల్యాబు ఖాళీ.

మిగతా చోట్ల

గుంటూరులో మిరప. ఎగుమతికి అఫ్లాటాక్సిన్ (బూజు విషం) పరీక్ష తప్పదు, స్పైసెస్ బోర్డు ల్యాబ్ కూడా అక్కడే ఉంది. దీనికి మైక్రో కంటే హెచ్‌పీఎల్‌సీ (రసాయనాల్ని విడదీసి కొలిచే యంత్రం) తెలిసినవాళ్లు పనికొస్తారు. వడ్లమూడి సంగం డెయిరీ నుంచి విశాఖ డెయిరీ దాకా ప్రతి డెయిరీకీ ల్యాబుంది. మిథిలీన్ బ్లూ టెస్ట్‌లో నీలం రంగు ఎంతసేపు నిలిచిందో చూసి పాల నాణ్యత చెప్పేయడం ఒక్క పూటలో నేర్చుకోవచ్చు. నాయుడుపేటలో మందుల యూనిట్లు, శ్రీసిటీలో చాక్లెట్ ఫ్యాక్టరీతో సహా ఆహార కంపెనీలు ఉన్నాయి. తిరుపతి పిల్లలకు చెన్నై వెళ్లనక్కర్లేకుండానే ఇవి దగ్గర. చిత్తూరు మామిడి గుజ్జు ఫ్యాక్టరీలు సీజన్‌లో రెండు మూడు నెలలకు మనుషుల్ని తీసుకుంటాయి. ఈస్ట్, మోల్డ్ కౌంట్ మీద చేతికి అనుభవం వస్తుంది, పరీక్షలు రాసి ఖాళీగా ఉన్నవాళ్లు వెళ్లొచ్చు. నంద్యాల, కరీంనగర్, వరంగల్ వైపు విత్తనం. తాగునీటి పరీక్షలకు జిల్లాల్లో ల్యాబులు ఉన్నాయి, వాటిలో ఎక్కువ ఔట్‌సోర్సింగ్. జీతం ఆలస్యమవుతుందేమో పాతవాళ్లను అడిగి చేరండి.

బెంగళూరు బయోకాన్, సిన్‌జీన్ లాంటివాటికి ఫ్రెషర్‌గా కంటే రెండేళ్ల అనుభవంతో వెళ్తే మర్యాద ఉంటుంది.

బయోడేటాలో రాయాల్సింది

‘పీసీఆర్ తెలుసు’ అని రాస్తే నాకేమీ తెలియదు. ‘ప్రాజెక్టులో రొయ్య పేగు నుంచి డీఎన్ఏ తీసి ఈహెచ్‌పీకి పీసీఆర్ చేశాను, జెల్ నేనే పోశాను’ అని రాస్తే ఫోన్ చేస్తాను. ఆ లైను ఆక్వాకి పంపేటప్పుడు పైన ఉండాలి. మాకు పంపేటప్పుడు దాన్ని కిందకి దించి, మీడియా తయారీ, పోర్ ప్లేట్, ఆటోక్లేవ్, గ్రామ్ స్టెయినింగ్ ఏది ఎన్ని నెలలు చేశారో పైకి తేవాలి. అబద్ధం రాయొద్దు. లేని అనుభవానికి సర్టిఫికెట్ ఇప్పిస్తామనే కన్సల్టెన్సీలు అమీర్‌పేటలో కోకొల్లలు. కంపెనీ మీ యూఏఎన్ నంబరుతో పీఎఫ్ సర్వీస్ హిస్టరీ అడుగుతుంది. ఆ కంపెనీ పేరు అందులో లేకపోతే అక్కడికే అయిపోయింది. ఉద్యోగానికి డబ్బు అడిగేవాడు ఎవడైనా సరే, పక్కకు తప్పుకోండి.

అనుభవం లేదంటే అప్రెంటిస్‌షిప్ ఉంది. నాట్స్ (కేంద్ర ప్రభుత్వ అప్రెంటిస్‌షిప్ పథకం) పోర్టల్లో పేరు నమోదు చేసుకోండి. ఏడాది పాటు స్టైపెండే కావచ్చు, కానీ లాగ్‌బుక్ రాయడం వస్తుంది. మేం ఫ్రెషర్‌లో వెతికేది అదే.

ఇంటర్వ్యూలో

ఈమధ్య ఒక అబ్బాయిని ఇది అడిగాను: “శాంపిల్‌ని పదింతలు పలచన చేసి ఒక ఎంఎల్ పోశావు. ప్లేటు మీద ఒక్క కాలనీ రాలేదు. రిపోర్ట్‌లో ఏం రాస్తావు?”

“జీరో అని రాస్తాను మేడమ్.”

“జీరో అని నువ్వెలా చెప్పగలవు? నువ్వు చూసింది పదో వంతేగా.”

కాసేపు ఆలోచించి, “పది కంటే తక్కువ అని రాయాలి మేడమ్” అన్నాడు. అతన్ని తీసుకున్నాం. జవాబు ముందే తెలిసినందుకు కాదు, అక్కడే కూర్చుని ఆలోచించినందుకు.

ఇంకా అడిగేవి: ప్యూరిఫైడ్ వాటర్ లిమిట్ ఎంత (ఎంఎల్‌కి 100 సీఎఫ్‌యూ, అంటే ప్లేటు మీద లెక్కపెట్టే కాలనీలు), ఇంజెక్షన్ నీటికి ఎంత (100 ఎంఎల్‌కి 10), ఆటోక్లేవ్ సరిగ్గా పనిచేసిందని ఏ బ్యాక్టీరియా స్పోర్లతో చూస్తాం (జియోబాసిల్లస్ స్టియరోథర్మోఫిలస్), గ్రోత్ ప్రమోషన్ టెస్ట్ (మీడియాలో సూక్ష్మజీవులు సరిగ్గా పెరుగుతున్నాయా అని చూసేది) ఎందుకు. సోయాబీన్ కేసిన్ అగర్ అర లీటరుకి ఎన్ని గ్రాములంటే తడుముకునేవాళ్లే ఎక్కువ. డబ్బా మీద లీటరుకి 40 అని రాసి ఉంటుంది, ఇరవై. తప్పు రాస్తే ఏం చేస్తావంటే ‘వైట్‌నర్’ అన్నవాళ్లను ఇంటికి పంపేస్తాం. ఒక్క గీత కొట్టి, పక్కన సరైనది రాసి, సంతకం, తేదీ పెట్టాలి. ప్లేటు చూడకముందే ‘నిల్’ అని రాసినవాడికి ఈ రంగంలో రెండో అవకాశం ఉండదు. ఎఫ్‌డీఏ వాళ్లు వస్తే ఇన్‌క్యుబేటర్ తలుపు తీసి ప్లేట్లు వాళ్లే లెక్కపెడతారు.

ఆఫర్ చేతికి వచ్చాక

హెచ్‌ఆర్‌ని ఇవి అడగండి: ఏ బ్లాకు, ఏ షిఫ్టులు, కంపెనీ బస్సు ఎక్కడి నుంచి, క్యాంటీన్ డబ్బులు కోస్తారా, బాండ్ ఉందా, ఉంటే ఎన్నేళ్లు, మధ్యలో వెళ్తే ఎంత కట్టాలి. ఆడపిల్లలు రాత్రి షిఫ్టు గురించి, ఇంటిదాకా క్యాబ్ గురించి నోరు తెరిచి అడగాలి, మొహమాటం వద్దు. సీటీసీ అంకె చూసి మురిసిపోకుండా ‘నెలకు చేతికి ఎంత’ అని అడిగి మెయిల్‌లో రాయించుకోండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు వెరిఫికేషన్‌కి చూపించండి, అక్కడే వదిలేసి రావద్దు. దగ్గర పెట్టుకుంటామంటే జిరాక్సుల మీద సంతకం చేసి ఇచ్చి, ఒరిజినల్స్ అదే రోజు తెచ్చేసుకోండి.